పచ్చగా ఆరిన ఆకు

పరిశోధనశాల, రెండో అంతస్తు,
కిటికీ ఉండీ తెరుచుకోని గది
ఫిబ్రవరి 9

మా అమ్మకి చెల్లెలు, ఆకులకి మహారాణి, నాకు మాత్రం పై అధికారి అయిన పిన్నికి,

నీ వసపిట్ట వంగి వంగి చేసుకుంటున్న విన్నపం. ఇక్కడ నేను బాగున్నాను. మైక్రోవేవ్ బాగుంది. నువ్వు పంపిన సరస్వతి ఆకు మాత్రం బాగాలేదు.

పెట్టె విప్పుతుంటే మా గైడు మేడం వెనకనుంచి తొంగి చూశారు. ఆవిడకి ఏ అంకె చెప్పినా మూడు దశాంశాల దాకా చెప్పాలి, అందుకని చాటుగా దశాంశం మేడం అంటాం. "ఏమ్మా, ఇది ఆకా, వాడి పారేసిన టీ పొడా?" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా నవ్వు మధ్యలో ఎటూ కాకుండా ఆగిపోయింది.

నా ఆకుతో అక్కడేం చేస్తారే అని ఎన్నిసార్లు అడిగావు? ఇవాళ చెప్తా, విను. ఎండిన ఆకుని పొడి చేసి, నీళ్లు కలిపిన ఆల్కహాల్లో వేసి, మైక్రోవేవ్‌లో తొంభై సెకన్లు ఉంచుతాం. వంటింట్లో పాలు వేడి చేసుకునేదానికి ఇది పెద్దక్క, మొహం సీరియస్‌గా పెట్టుకుని ఉంటుంది. లోపల ఆకు ఒక్కసారి ఉడుకెత్తి, కణాల గోడలు పగిలి, దాచుకున్న సరుకంతా బయటపడుతుంది. పాత పద్ధతిలో ఆ సరుకు కోసమే ఆరు గంటలు కాచాలి. దాని పేరు యాంటీఆక్సిడెంట్లు. బెదిరిపోకు. కోసిన ఆపిల్ ముక్క కాసేపటికి గోధుమరంగుకి తిరుగుతుంది చూడు, అలాంటి చెడుని అడ్డుకునేవన్నమాట. ఊదారంగు ద్రావణంలో మన ఆకు రసం చుక్క వేస్తే, సరుకెంత ఉంటే ఊదా అంత పోయి పసుపు తేలుతుంది. తేలిన రంగుని మిషను అంకెగా చెప్తుంది. ఆ అంకే నా థీసిస్, ఆ అంకే నా మూడేళ్లు.

ఈ గోధుమ ఆకుతో అంకె పాతాళంలో ఉంది. థీసిస్ ఆగస్టులో ఇవ్వాలి. ముప్పై ఏళ్లుగా నీడన ఆకు ఆరబెట్టిన చెయ్యి నీది. ఆ చేతికి ఇది మచ్చ పిన్నీ! ఇంకో పెట్టె పంపు. ఏం చేస్తావో నాకు తెలియదు. ఆకు పచ్చగా ఉండాలి, అంతే.

నీ ఫోను బాగయిందా? నెలరోజులుగా మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు.

ఇట్లు,
గాజు గొట్టాల పాలిట గండం,
నీ వసపిట్ట


ఆకుల కొట్టు,
మెట్ల పక్క గది
మార్చి 1

ఒసేయ్ వసపిట్టా,

ఆకు పంపుతున్నా. పచ్చగా ఉంది. మూత తీసి నీ దశాంశానికి చూపించు.

మొన్నటి పెట్టెకి కారణం చెమ్మ. కొట్టు గోడకి చెమ్మ పట్టింది, ఇంకేం లేదు. ముప్పై ఏళ్లకి ఒక్కసారి తప్పితే మచ్చ అంటావా? మూడేళ్లలో నువ్వెన్ని గొట్టాలు పగలగొట్టావో నేనెవరికైనా చెప్పానా?

ఫోను బాగుచేయించను. ఫోనులో నువ్వు వెటకారమాడి, ఆనక నేనలా అన్లేదే అంటావు. కాగితమైతే సాక్ష్యం. ఎప్పట్లాగే ఉత్తరం రాయి, నేనూ రాస్తా.

పార్సిలు పక్కింటి కుట్టుమిషనక్క కట్టింది. ముడి వదులుగా ఉంటే నన్ను తిట్టకు.

తిను. నిద్రపో.

పిన్ని


పరిశోధనశాల, అదే గది
(ఇవాళ కిటికీ తెరుచుకుంది, నమ్ము)
మార్చి 19

ముడి వదులైనా మాట గట్టిదైన పిన్నికి,

జయం మనదే! గంట మోగించు, కుట్టుమిషనక్కని పిలిచి చప్పట్లు కొట్టించు.

నీ ఆకు రసం ఒక్క చుక్క వేశానో లేదో, రెప్ప వేసేలోగా ఊదా ఎగిరిపోయింది. ఇదివరకు ఏ ఆకైనా అరగంట బతిమాలించుకునేది. ఇది అడక్కముందే ఇచ్చేసింది. మిషను పాడైందేమోనని మళ్లీ చేశా. అదే అంకె. చేతులు కడుక్కుని మళ్లీ చేశా. మళ్లీ అదే. పైగా ఈ ఆకునే ఆరు గంటలు కాచి చూస్తే, వచ్చింది ఇందులో ఐదో వంతు! అంటే పాత పద్ధతికన్నా నా మైక్రోవేవ్ ఐదింతలు మేలని తేలింది. దశాంశం మేడం కాగితం మూడుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "బాగుంది" అన్నారు. ఆవిడ నోట ఆ మాట విన్నవాళ్లు ఈ భవనంలో నాకు ముందు ఒక్కరే ఉన్నారట. ఆయన రిటైరయ్యారు.

వ్యాసం రాసి పత్రికకి పంపేశాం. అందులో ఆకు ఎలా ఆరబెట్టారో రాయాలి. "ఏడు అరల్లో తట్టలు, నీడ, గాలి, రోజుకి నాలుగుసార్లు తిప్పడం, ఐదు రోజులు" అని రాశాను. నువ్వు నేర్పిందేగా. ఏమైనా మార్చావా? మార్చి ఉంటే చెప్పు, ఆ కిటుకు కూడా రాసి నిన్ను ప్రపంచప్రఖ్యాతురాలిని చేస్తా.

ఇంకో సంగతి. నీ అక్షరాలకేమైంది? ఇదివరకు బడిపిల్లల్లా వరసలో నిలబడేవి. ఇప్పుడు బడి వదిలినట్టున్నాయి. "పిన్ని" అన్న సంతకమైతే మెట్ల మీద జారి పడుతున్నట్టుంది. కళ్లజోడు మార్పించుకో తల్లీ.

ఇట్లు,
"బాగుంది" అనిపించుకున్న
వసపిట్ట


ఆకుల కొట్టు
ఏప్రిల్ 6

వసపిట్టా,

"బాగుంది" అన్నారని చదివి కుట్టుమిషనక్కకి వినిపించా. ఆవిడ మిషను ఆపి మరీ విన్నది. ఇద్దరం టీ తాగాం.

ఇంకో పెట్టె పంపుతున్నా. కొట్టు ముందు మెట్టు ఒకటి విరిగింది, మేస్త్రీ రేపు రేపంటూ పదిహేను రోజులు తిప్పాడు. కుట్టుమిషనక్క కూతురు లెక్కల్లో మళ్లీ తప్పింది. ఎదుటి వీధిలో కొత్తగా తాళాల షాపు పెట్టారు. సాయంత్రం దాకా చేసిన తాళంచెవినే మళ్లీ చేస్తున్నట్టుంటాడు.

తిప్పడం గురించి అడిగావు. ఎప్పట్లాగే అని రాసుకో.

నాకో సందేహం. ఆకుకి వేరే ఏదైనా తగిలితే మీ మిషను పసిగడుతుందా? ఊరికే అడుగుతున్నా.

అక్షరాల సంగతి నీకెందుకు? చదవగలిగావుగా.

పిన్ని


పరిశోధనశాల
మే 3

పిన్నీ,

కోర్టువారి ఎదుట సాక్షి హాజరు. సాక్షి ఎవరంటే నీలి కాగితం ముక్క.

వ్యాసం పత్రికవాళ్లు తీసుకున్నారు. వచ్చే నెల అచ్చవుతుంది. అయితే వాళ్లలో ఒకాయన, వేరే చోటి ఆకుతో కూడా ఒకసారి చూడమన్నాడు. బజార్లో కొన్న సరస్వతి ఆకుతో చేశాను. నీ అంకెలో నాలుగో వంతు కూడా రాలేదు. మేడంతో, "బజారు ఆకు పాతది మేడం" అన్నాను. ఆవిడ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను, సాయంత్రం బస్సెక్కేదాకా. బస్సులో ఒక విషయం గుచ్చుకుంది. బజారు ఆకు ఊదా రంగుని అరగంట మెల్లగా తిన్నది, ఏ ఆకైనా తిన్నట్టే. నీ ఆకు క్షణంలో మింగింది. నీ చేతి గొప్పతనం ఆకు మోతాదుని పెంచగలదేమో గానీ, దాని స్వభావాన్ని మార్చలేదు కదా?

మర్నాడు పొద్దున్నే వచ్చి నీ ఆకు రసంలో నీలి కాగితం ముంచాను. ఎర్రబడింది. పులుపు. మిషను ముందు కూర్చుని వెతికితే, కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు దొరికింది. సి విటమిన్. ఆరిన ఆకులో ఉండాల్సింది చిటికెడు. ఇందులో చారెడు ఉంది.

అది నిమ్మకాయ పిన్నీ. అవునా, కాదా?

నవ్వులాటకి అడగడం లేదు. సి విటమిన్ తొంభై సెకన్లకి చావదు, ఆరు గంటల కాపుకి చస్తుంది. అందుకే మైక్రోవేవ్ ఐదింతలు మేలన్న అంకె వచ్చింది. అంటే నేను కనిపెట్టింది మైక్రోవేవ్ గొప్పతనం కాదు, నీ నిమ్మకాయ గొప్పతనం. "ఏమైనా మార్చావా" అని అడిగాను. "ఎప్పట్లాగే" అన్నావు. ఆ మాట మీద నేను సంతకం పెట్టాను.

ఇంకా మేడంకి చెప్పలేదు. ముందు నువ్వు చెప్పు.

వసపిట్ట


ఆకుల కొట్టు
మే 8

నా ఆకు మీదే అనుమానమా? నీకు నడక రాకముందునుంచి ఆ తట్టలు మోస్తున్నా. ఇంక ఆకు పంపను. బజార్లో కొనుక్కో.

పిన్ని


ఆకుల కొట్టు
మే 16

వసపిట్టా,

మొన్నటి కాగితం చింపెయ్. కోపంతో రాశా. కోపం నీ మీద కాదు.

నిమ్మకాయే.

ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. ఎడమ చేత్తో రాస్తున్నా. మార్చి నుంచీ ఎడమ చేత్తోనే రాస్తున్నా.

జనవరిలో ఒక పొద్దున తట్టలకి వల బిగిస్తుంటే, కుడి చేతిలోంచి వల జారిపోయింది. మళ్లీ పట్టుకున్నా, మళ్లీ జారింది. ఆ చెయ్యి నాది కానట్టు, ఎవరో భుజానికి తగిలించి వెళ్లినట్టు వేలాడింది. కుట్టుమిషనక్క చూసి పరిగెత్తుకొచ్చింది.

"ఆసుపత్రికి పద వదినా."

"తిమ్మిరెక్కితే ఆసుపత్రా?"

"అద్దంలో మూతి చూసుకున్నావా?"

"ఈ వయసులో నాకు అద్దమెందుకే" అన్నా. అన్నాననుకున్నా. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో, ఆవిడ ఏడ్చింది. వెళ్లలేదు. రెండు రోజుల్లో మూతి సర్దుకుంది. మాట ముద్దగానే ఉండిపోయింది, చెయ్యి అసలు రాలేదు. ఫోను పాడవలేదు. నువ్వు వినకూడదని ఎత్తలేదు.

పై నాలుగు అరలు ఎత్తులో ఉంటాయి కదా. రెండు చేతులూ పట్టందే ఆ తట్టలు దిగవు, తిప్పలేకపోయా. ఆకు పడ్డచోటే పడి మగ్గింది. అదే టీ పొడి పెట్టె. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఆ చేతికి మచ్చ అని. ఎన్నిసార్లు చదివానో. ఆపిల్ సంగతి కూడా నువ్వే రాశావు. కోసిన ఆపిల్ నల్లబడకుండా మనమేం రాస్తాం? నిమ్మరసమేగా? ఆకుక్కూడా అదేగా కావలసింది అనుకున్నా. ఎడమ చేత్తో పిండి, ఆకు ముంచి తీశా. ఆరాక మళ్లీ చల్లా. పచ్చగా నిలబడింది. ఆకు పచ్చగా ఉంటే చాలన్నావు.

నీ పని చెడుతుందని తెలియదు. మార్చి ఉత్తరంలో నువ్వు "మార్చావా" అని అడిగినప్పుడు మాత్రం, ఏదో చెడిందని అనుమానం వచ్చింది. నిమ్మకాయ అంటే ఎందుకని అడుగుతావు, ఎందుకో చెప్తే చెయ్యి సంగతి చెప్పాలి. చెప్తే పరిగెత్తుకొస్తావు, ఆగస్టు పోతుంది. అందుకని ఎప్పట్లాగే అని రాశా.

నీ థీసిస్ ఉంటుందా పోతుందా?

పిన్ని


పరిశోధనశాల మెట్ల మీద
మే 23

పిన్నీ,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం చూసి, పక్క బల్ల వాడు జ్వరమా అని నుదురు పట్టుకుని చూశాడు.

ఆ మూడు రోజులూ ఏం ఆలోచించానో నీకు దాచను. మన ఇళ్లల్లో దాచడం ఈ ఏటికి చాలు. ఈ సంగతి తెలిసింది నాకూ నీకూ, అంతే. అంకె దొంగది కాదు, మిషను చూసిందే. వ్యాసం అచ్చవుతుంది. ఆగస్టులో థీసిస్ ఇచ్చి బయటపడతాను. తర్వాత ఎవరైనా ఇదే ఆకుతో చేసి, ఐదింతలు రాకపోతే, వాళ్ల ఆకు బజారుదంటారు. ఇంత దూరం ఆలోచించాను. రెండో రోజైతే అది తప్పుగా కూడా అనిపించలేదు. అదే నన్ను భయపెట్టింది.

నిన్న మేడం గదికి వెళ్లాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"మేడం, మార్చి పెట్టె ఆకుకి నిమ్మరసం పట్టించారు. ఐదింతలు తప్పు."

ఆవిడ పెన్ను మూత పెట్టారు. "ఎవరు పట్టించారు?"

"మా పిన్ని. నేనే పచ్చగా కావాలన్నాను. ఎలాగని అడగలేదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"మే మొదట్లో."

"ఇవాళ ఇరవై రెండు."

"అవును మేడం."

  ఆవిడ నా ముందే పత్రికకి రాశారు, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని. కింద ఆవిడ సంతకం పెట్టి, పెన్ను నాకిచ్చారు. నేనూ పెట్టాను. థీసిస్ ఆగస్టులో లేదు, వచ్చే ఫిబ్రవరికి వెళ్లింది. ప్రయోగాలన్నీ మొదటినుంచి చెయ్యాలి. తలుపు దగ్గరికి వెళ్లాక పిలిచారు. "ఆవిడ చెయ్యి ఎలా ఉంది?" అన్నారు. చెయ్యి గురించి నేను చెప్పనే లేదు పిన్నీ. "నిమ్మకాయ దాకా వెళ్లారంటే తిప్పలేకపోయారన్నమాట" అన్నారు. ఆవిడకి ఒక్క నిమిషంలో తోచింది. నేను నీ అక్షరాలు బడి వదిలినట్టున్నాయని నవ్వాను. సంతకం మెట్ల మీద జారి పడుతోందని నవ్వాను. నాలుగు నెలలు నాకు తోచలేదు.

శనివారం వస్తున్నాను. ఆసుపత్రికి వెళ్తున్నాం. బేరాలు లేవు. తిమ్మిరని అంటే కుట్టుమిషనక్కా నేనూ చెరో పక్క పట్టుకుని ఎత్తుకుపోతాం.

మచ్చ అని రాసింది నేను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వ్యాసంలాగే, సంతకం పెట్టి.

నీ వసపిట్ట


పరిశోధనశాల
జూలై 12

పిన్నీ,

బంతి నొక్కుతున్నావా? రోజుకి మూడు పూటలు, పూటకి యాభైసార్లు అన్నాడు డాక్టరు. నలభైకి ఆపి యాభై అని చెప్తున్నావని కుట్టుమిషనక్క నాకు రాసింది. ఆవిడ ఇప్పుడు నా గూఢచారి.

ఆ రోజే వచ్చి ఉంటే చెయ్యి చాలావరకు తిరిగొచ్చేది, ఇప్పుడు వచ్చినంతే అని డాక్టరు అన్నప్పుడు, నువ్వు "సరేనండీ" అన్నావు చూడు, మేస్త్రీ మెట్టు రేపు కడతానంటే అన్నట్టు. నేను బయటికెళ్లి నీళ్లు తాగొచ్చాను. నీళ్లు తాగడానికి వెళ్లలేదని నీకు తెలుసు.

జూన్లో నీ హుకుం కింద నేను ఆరబెట్టిన పెట్టె ఫలితం వచ్చింది. ఊదా అరగంట మెల్లగా కరిగింది. కుర్చీ వేసుకుని మొత్తం చూశాను. తొంభై సెకన్ల మైక్రోవేవ్‌తో వచ్చింది, ఆరు గంటల కాపుతో వచ్చినదానికన్నా నూటికి ఏడు పాళ్లు ఎక్కువ. అంతే. ఐదింతలు లేదు, రెండింతలు కూడా లేదు. కాగితం మేడం ముందు పెట్టి, "చిన్న అంకె మేడం" అన్నాను. "ఆరు గంటల పని తొంభై సెకన్లలో అయితే చిన్నదా? కూర్చో, మిగతావి చెయ్" అన్నారు. ఈసారి కూర్చున్నాను.

ఒక్కటే మిగిలింది. ఏ పెట్టె ఎలా ఆరిందో, ఆరబెట్టినవాళ్లే రాసి ఇవ్వాలట. థీసిస్ చివర పెడతారు. జూన్ పెట్టెకి "ఐదు రోజులు, రోజుకి నాలుగు, మొత్తం ఇరవైసార్లు తిప్పడమైనది" అని నా భాగం నేను రాసేశాను. నీది నువ్వు రాయి. చెయ్యి సంగతి రాయడం ఇష్టం లేకపోతే చెప్పు, మేడంని అడుగుతాను.

వసపిట్ట


ఆకుల కొట్టు
జూలై 21

గైడు మేడం గారికి,

ఆకు ఆరబెట్టే మనిషి నమస్కరించి రాసి ఇస్తున్నది. మా అమ్మాయి చేతికిస్తే దారిలో దిద్దుతుంది. అందుకని నేరుగా మీకే పోస్టు చేస్తున్నాను.

ఫిబ్రవరిలో మీకు అందిన పెట్టె. కింది మూడు అరలు తిప్పాను. పై నాలుగు తిప్పలేదు. నా కుడి చెయ్యి జనవరిలో పడిపోయింది, భుజం ఎత్తుకి లేవదు.

మార్చి, ఏప్రిల్ పెట్టెలు. కిలో ఆకుకి పన్నెండు నిమ్మకాయలు. పచ్చి మీద ముంచాను, ఆరాక ఇంకోసారి చల్లాను. ఏమైనా మార్చావా అని మా అమ్మాయి కాగితం మీద అడిగింది. లేదని కాగితం మీదే చెప్పాను. తను అడిగింది, నేను దాచాను. రెండూ రాయండి.

జూన్ పెట్టె. ఏమీ కలపలేదు. నేను స్టూలు మీద కూర్చుని చెప్పాను, మా అమ్మాయి తిప్పింది. మొత్తం ఇరవైసార్లని తను రాసి ఉంటుంది. అది సరికాదు. మూడో రోజు మధ్యాహ్నం తను తట్టల పక్కనే గోడకి జారగిలబడి నిద్రపోయింది. ఆకు పరిచే ముందు వారమంతా నన్ను ఆసుపత్రుల్లో తిప్పి ఉంది. తిప్పే వేళయింది. లేపుదామని పిలవబోయి, పిలవలేదు. ఎడమ చేతికి అందిన మూడు అరలు నేనే తిప్పాను. పై నాలుగు అందలేదు, అలాగే వదిలేశాను. తను లేచి, వేళ దాటిందా అని అడిగితే, అయిపోయిందిలే అన్నాను. అన్నీ తిప్పేశాననుకుని లెక్కలో వేసుకుంది.

కాబట్టి జూన్ ఆకు కింది మూడు అరల్లో ఇరవైసార్లు, పై నాలుగు అరల్లో పంతొమ్మిదిసార్లు తిప్పడమైనది. అలా దిద్దించండి.

ఇట్లు,
ఆకు ఆరబెట్టిన మనిషి